పాండవుల కాడి మట్టి

మట్టి మూటలు విప్పే పని నర్మదకు ఇష్టం. ఆ పనిలో ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

రైతుల దగ్గరి నుంచి మట్టి ఒక్కొక్కరిది ఒక్కో తీరుగా వచ్చేది. కొందరు పాత చీర ముక్కలో మూటగట్టేవారు. కొందరు ఎరువు సంచి అడుగున పోసి మెలితిప్పి పంపేవారు. ఒక ముసలమ్మ స్టీలు డబ్బాలో పోసి, డబ్బా మళ్లీ కావాలని మనుమడితో చీటీ రాయించింది. నర్మద ఆ డబ్బాను కడిగి, తుడిచి, ఆ ఊరికి పోయే ఆటోలో పెట్టి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే చేసింది.

నారాయణఖేడ్‌లో బస్ డిపో వెనుక సందులో ఒక విత్తనాల దుకాణం, దాని మీద రెండు గదులు. రైతు సంఘం వాళ్ల మట్టి పరీక్ష కేంద్రం అదే. డిగ్రీ మూడో ఏడు చదువుతున్న నర్మదను కాలేజీ వాళ్లు మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కు అక్కడికి పంపారు. జనవరి మొదటి వారంలో, భుజానికి ఒక సంచితో, చేతిలో కాలేజీ కాగితంతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రమ్మనేదాకా అక్కడే నిలబడి ఉంది.

రమ్మన్నది మక్బూల్. యాభై దాటిన మనిషి, ఆ గదుల్లో పరీక్షలన్నీ చేసేది ఆయనే. మొదటి రోజే ఆమె చేతికి చెక్క సుత్తి ఇచ్చి, మట్టిని ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టాలని, గడ్డలను సుత్తితో మెల్లగా చిదపాలని, తర్వాత జల్లెడ పట్టాలని చేసి చూపించాడు. నెల తిరిగేసరికి గాజు గొట్టంలోంచి మందును చుక్కచుక్కగా వదులుతూ, రంగు మారే ఘడియలో ఆపడం ఆమెకు వచ్చింది. ఒక చుక్క ఎక్కువైతే మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. నర్మద మళ్లీ మొదలుపెట్టాల్సి రావడం అరుదు. ఆ చేతికి నిదానం దేవుడిచ్చాడని మక్బూల్ ఇంట్లో భార్యతో అనేవాడట.

మధ్యాహ్నం నమాజుకు ఆయన మూలన చాప పరిచేవాడు. ఆ కాసేపూ నర్మద సుత్తి పక్కన పెట్టి, చప్పుడు కాని పని ఏదైనా చూసుకునేది. జల్లెడలు తుడిచేది, చీటీలు అంటించేది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మాటే నర్మదకు కష్టం. ఆమెది నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక హద్దును ఆనుకున్న పల్లె. ఇంట్లో తెలుగూ కన్నడమూ కలిసే నడుస్తాయి. అవునని చెప్పాలంటే ఆమె నోట 'హౌదు' అని వచ్చేది. కాలేజీలో చేరిన కొత్తలో అమ్మాయిలు ఆమెను 'హౌదక్కా' అని పిలిచి నవ్వారు. చెడ్డ పిల్లలేం కారు, నవ్వి మరిచిపోయారు. నర్మద మరిచిపోలేదు. అప్పటి నుంచి అవునంటే తల ఊపడం, కాదంటే ఊరుకోవడం అలవాటు చేసుకుంది.

కేంద్రానికి పెద్ద అరుణజ్యోతి మేడం. ఖమ్మం వైపు మనిషి, పనిలో గట్టి. పరీక్ష అయ్యాక ఊరికి పోయి, రైతులను కూర్చోబెట్టి, ఎవరి చేనుకు ఏం తక్కువో, ఏం వేయాలో కార్డు చూసి వివరించడం ఆమె పద్ధతి. కార్డు చేతిలో పెట్టి పంపిస్తే అది దూలంలో దోపుకోవడానికే పనికొస్తుందనేది. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన పిల్లలు కూడా ఆ పని చేయాల్సిందే.

జనవరి చివర సిర్గాపూర్‌లో నర్మద వంతు వచ్చింది. ఇరవై మంది రైతులు. ఆమె కార్డు పట్టుకుని లేచింది. అందులోని ప్రతి అంకె ఆమె చేత్తో తేల్చినదే. అయినా గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. ముందు వరుసలో ఒకాయన పక్కాయనతో, పట్నపు చదువు చదివితే నోరు పోతుందేమో అన్నాడు. అందరూ నవ్వారు. మేడం కార్డు తీసుకుని తానే చదివింది.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో చెప్పింది. "చూడు నర్మదా, నీ పని బాగుంది. కానీ నీకు తెలిసింది నీలోనే ఉంటే రైతుకేం లాభం? మార్చిలో ఆఖరి మీటింగు ఉంది. అందులో నువ్వే మాట్లాడాలి. మాట్లాడకపోతే నేను సంతకం పెట్టలేను."

ఆ సంతకం లేకపోతే డిగ్రీ చేతికి రాదు. డిగ్రీ రాకపోతే ఏమవుతుందో నర్మదకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మ కిష్టవ్వ, నాన్న హైదరాబాద్‌లో కట్టడం పనుల్లో ఉన్నారు. రెండేళ్లుగా ఊళ్లో ఇంటికి తాళమే. చదువు ఆగితే ఆ పనిలోనే మూడో తట్ట ఆమెది.

శనివారం సాయంత్రం ఆమె అద్దెకు ఉండే గదిలోని మిగతా ఇద్దరు అమ్మాయిలూ సంచులు సర్దుకుని బస్టాండుకు పోయేవారు. నర్మద వాళ్లతో బస్టాండుదాకా నడిచేది. బస్సు కదిలాక చేయి ఊపి, కాసేపు అక్కడే బెంచీ మీద కూర్చునేది. నాగల్‌గిద్ద బస్సు వచ్చేది, ఎక్కేవాళ్లు ఎక్కేవారు, పోయేది. కండక్టరు ఒకాయన ఆమెను గుర్తుపట్టి, వస్తవా అన్నట్టు చూసేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. ఆ బస్సు దారి చివర ఆమె కోసం తీసి ఉన్న తలుపు లేదు.

ఆదివారాలు చాలా పొడుగ్గా ఉండేవి. బట్టలు ఉతుక్కునేది. దీపం పెట్టి, చిన్నప్పుడు బడిలో నేర్చిన ప్రార్థన చెప్పుకునేది. గదిలో ఎవరూ లేనప్పుడు పాత కార్డు ఒకటి పట్టుకుని గోడ ముందు నిలబడి చదివేది. గోడ ముందు గొంతు బాగానే పలికేది.

మధ్యాహ్నం అన్నం మాటకొస్తే ఒక ముచ్చట చెప్పాలి. నర్మద డబ్బా తెచ్చుకునేది కాదు. మక్బూల్ భార్య అఖ్తరున్నీసా రోజూ డబ్బా కట్టి పంపేది. ఆయన మూత తీసి, "ఇయ్యాల గూడ ఎక్కువ చేసింది, దానికి అందాజ తెల్వదు, పట్టు బేటా" అని రెండు జొన్న రొట్టెలు, ఇంత పప్పు నర్మద వైపు జరిపేవాడు. దాదాపు రెండు నెలలు ఇలాగే నడిచింది. ఆమెకు నిజంగానే కొలత తెలియదని నర్మద నమ్మింది.

మార్చిలో రంజాన్ నెల మొదలైంది. మక్బూల్ ఉపవాసం. మొదటి రోజు మధ్యాహ్నం ఆయన ఎప్పటిలాగే డబ్బా తెచ్చి నర్మద బల్ల మీద పెట్టాడు. ఎక్కువైందని చెప్పలేక, నవ్వి కిటికీ వైపు తిరిగాడు. తినని మనిషి డబ్బాలో మిగిలేదేముంటుంది? నర్మద ఆ రోజు తల దించుకుని తిన్నది. రొట్టె మీద కన్నీటి బొట్టు పడింది. అల్లా అయినా, పరమేశ్వరుడైనా, ఆకలిగొన్నవాళ్ల దగ్గరికి ఇలా మనుషుల చేతులతోనే వస్తాడు కాబోలు.

ఆ వారమే ఆఖరి మీటింగు జరగబోయే ఊరి మట్టి పరీక్ష పూర్తయింది. ఆ ఊరు నర్మద వాళ్ల పల్లెకు రెండు కిలోమీటర్లే. పద్నాలుగు మంది రైతులు మట్టి పంపారు. అంకెలు చూస్తే వింతగా ఉన్నాయి. అది ఎర్ర చెల్క నేలల ఊరు. ఆ మట్టిలో సున్నపు గుణం అంతగా ఉండదు, సత్తువా తక్కువే. కానీ తొమ్మిది మంది మట్టిలో సున్నం ఎక్కువగా తేలింది. ఆకూ అలమూ కుళ్లి మట్టికి ఇచ్చే బలం కూడా మెండుగా ఉంది. నర్మద రెండోసారి చేసింది, అదే వచ్చింది. మక్బూల్ చేశాడు, అదే వచ్చింది. మూడు సార్లు ఒకటే వస్తే అదే నిజమని మేడం కార్డులు అచ్చు వేయించింది. సున్నం విరగడానికి గంధకం కొని వేయాలి, పశువుల ఎరువు సగం తగ్గించవచ్చు. తొమ్మిది కార్డుల మీదా అదే సలహా.

మీటింగుకు ముందు రోజు సాయంత్రం మక్బూల్ ఇఫ్తారుకని తొందరగా వెళ్లాడు. నర్మద ఒక్కతే మిగిలిన మట్టిని సంచుల్లోకి ఎత్తుతోంది. జల్లెడ మీద ఆగిపోయిన గడ్డలు ఒక పళ్లెంలో ఉన్నాయి. తెల్లవి. ఇన్నాళ్లూ అవి సుద్ద గడ్డలనుకున్నారు. ఆమె ఒకదాన్ని వేళ్లతో నలిపింది. సుద్దలా గట్టిగా లేదు, పెచ్చులా ఊడింది. ఒక పెచ్చు మీద ఎర్రటి మరక. మరో రెండు సంచుల గడ్డలు చూసింది. వాటిలోనూ పెచ్చులే. ఒకదానిలో జొన్న చొప్ప ముక్క, మాడిన వత్తి కొస.

ఆ పెచ్చు ఏమిటో ఆమెకు తెలుసు.

ఆ ప్రాంతంలో డిసెంబరు చివర అమావాస్యకు ఎల్లమాస చేస్తారు. ఇంటిల్లిపాదీ చేనుకు పోతారు. ఐదు రాళ్లకు సున్నం పూసి, కుంకుమ పెట్టి, పాండవులని నిలిపి, వాళ్ల మీదికి జొన్న చొప్పతో చిన్న గుడిసె వేస్తారు. సజ్జ రొట్టెలు, అన్ని పప్పులూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జి, అంబలి వాళ్లకు నైవేద్యం. ఏళ్ల తరబడి అదే చోట, అదే మట్టిలో.

నర్మద అమ్మకు ఫోన్ చేసింది. అవతల ఇటుకలు దింపుతున్న చప్పుడు.

"అవ్వ, మన చేను మట్టి పరీక్షకు పంపాల్నంటే నువ్వు ఏడికెల్లి తీస్తవ్?"

"గిదేం ప్రశ్ననే? పాండవులు కూసున్న కాడికెల్లే. పిల్లను చూపియ్య తీస్కపోతే తానం పోసి తీస్కపోతం గని, బురదల ఆడినదాన్ని అట్లనే తీస్కపోతమా?" కిష్టవ్వ నవ్వి, మేస్త్రి పిలుస్తున్నాడని పెట్టేసింది. తిన్నవా అని అడగడం కూడా ఆ రోజు మరిచిపోయింది.

ఖాళీ గదిలో నర్మద కార్డుల కట్ట ముందు కూర్చుంది. రేపు లేచి, అచ్చయినది అచ్చయినట్టు చదివితే చాలు, సంతకం వస్తుంది. గోడ ముందు ఎన్నిసార్లు చదవలేదు? కానీ ఆ సలహా నమ్మితే తొమ్మిది ఇళ్ల వాళ్లు అక్కర్లేని గంధకం మోసుకొచ్చి, ఆకలితో ఉన్న చేనుకు ఎరువు తగ్గిస్తారు. కంది ఎండుతుంది. తప్పని చెబితే, మేడం అచ్చు వేయించిన కార్డును మేడం ముందే తప్పన్నట్టు. సంతకం పెట్టాల్సింది ఆ చెయ్యే.

పొద్దున జీపులో చెబుదామనుకుంది. దారి పొడుగునా మేడం ఫోన్‌లోనే ఉంది. నర్మద రెండు సార్లు నోరు తెరిచి మూసుకుంది.

ఊరి బడి వరండాలో చాపలు వేశారు. రైతులతో పాటు ఆడవాళ్లు కూడా వచ్చారు. మేడం కార్డుల కట్ట నర్మద చేతిలో పెట్టి పక్కకు జరిగింది. కట్టలో అన్నిటికన్నా పైనున్న కార్డు మొగులప్పది. ఆయన ముందే కూర్చున్నాడు, తలపాగా ఒళ్లో పెట్టుకుని.

నర్మద కార్డు చూసింది. సిర్గాపూర్‌లో వచ్చిన ఆ గాలే మళ్లీ వస్తోంది. వెనక ఎవరో దగ్గారు. ఆమె కార్డును బోర్లించింది.

"మొగులప్ప కాకా, మీరు పంపిన మట్టి ఏడికెల్లి తీసిన్రు?"

"ఏడికెల్లి అంటే? చేన్ల కెల్లి."

"పాండవుల కాడికెల్లేనా?"

ఆయన చుట్టూ చూసి, "హౌదు" అన్నాడు. "మంచి జాగ గద అది. చెప్పులేసుకుని తొక్కం ఆడ."

ఆ మాట వినగానే నర్మద భుజాలు కొంచెం కిందికి దిగాయి. మీలో ఇంకెవరు అక్కడి నుంచే తీశారని అడిగింది. ఒకరి తర్వాత ఒకరు ఎనిమిది చేతులు లేచాయి. ఈ కార్డులు తప్పు చెబుతున్నాయని, వీటిని పట్టుకుని గంధకం కొనవద్దని, ఎరువు తగ్గించవద్దని చెప్పింది. మేడం వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని భయం.

మొగులప్ప ముఖం గంటు పెట్టుకున్నాడు. "అంటే ఏంది బిడ్డ, దేవుని కాడి మట్టి మంచిది కాదంటవా?"

ఇక్కడ మాట జారితే ఊరు బాధపడుతుంది. నర్మద కార్డు కింద పెట్టి, వాళ్ల ముందు నేల మీదే కూర్చుంది.

"మంచిదే కాకా. మా చేన్ల గూడ ఉన్నరు పాండవులు. ఏటేటా ఆడ సున్నం రాలుతది, అంబలి పోస్తం, భజ్జి పెడ్తం. ఆ మట్టి కడుపు నిండి ఉన్నది. తిన్నోన్ని పిలిచి ఆకలైతుందా అంటే ఏం చెప్తడు? మిగిలిన చేను తిన్నదో లేదో అడగాలె మనం."

ఆడవాళ్ల వైపు నుంచి ఒక పెద్దమ్మ, "పిల్ల నిజం చెప్తుంది. ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టి, గొడ్లకు నీళ్లు మరిచినట్టైంది మన పని" అన్నది. మొగులప్ప తలపాగా చుట్టుకుని లేచాడు. "నడువ్ మరి. ఏడికెల్లి తియ్యాల్నో నువ్వే సూపియ్."

అందరూ ఆయన చేనుకు నడిచారు. కంది కోసిన మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటున్నాయి. గట్టు పక్కన వద్దని, చెట్టు కింద వద్దని, పెంటకుప్ప దగ్గర వద్దని నర్మద చెబుతూ నడిచింది. చేను నడుమ అక్కడొకటి ఇక్కడొకటి ఎనిమిది చోట్ల జానెడు లోతు గుంట తీయించి, గుంట గోడ నుంచి పొరలా మట్టి గీకించింది. అంతా గుడ్డ మీద కలిపి, రొట్టెలా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయించింది. అర కిలో మిగిలేదాకా మళ్లీ అంతే. తొలి గుంట ఆమె తీసింది. ఎనిమిదోది మొగులప్ప తీశాడు. ఎంతసేపు మాట్లాడిందో ఆమెకే తెలియదు. మధ్యలో ఎన్నోసార్లు 'హౌదు' అన్నది. ఎవరూ నవ్వలేదు.

తిరుగు దారిలో జీపులో మేడం ఫోన్ సంచిలో వేసింది. నర్మద వైపు తిరిగి అన్నది.

"మట్టి ఎట్లా తీయాలో వాళ్లకు చెప్పింది నేనే, రెండు సార్లు. ఎక్కడి నుంచి తీశారని ఒక్కసారి కూడా అడగలేదు." తర్వాత, "నిన్ననే తెలుసా నీకు?" అని అడిగింది.

నర్మద తల ఊపబోయి, "తెల్సు మేడం" అన్నది. "పొద్దుగాల చెప్దామనుకున్న. మీరు ఫోన్ల ఉన్నరు."

"రేపటి నుంచి ఫోన్ గుంజుకుని చెప్పు" అన్నది మేడం. నవ్వలేదు, కానీ కోపం కూడా లేదు.

మార్చి ఆఖరి శనివారం కాలేజీ కాగితం తిరిగి చేతికి వచ్చింది. కింద మేడం సంతకం ఉంది. లోపాలు రాసే గడిలో ఒకప్పుడు పెన్సిలుతో 'మాట్లాడదు' అని రాసి ఉన్నట్టుంది. దాన్ని చెరిపేశారు. వెలుతురుకు పట్టి చూస్తే కాగితం మీద ఆ నొక్కులు ఇంకా కనిపిస్తున్నాయి. నర్మద వాటి మీద వేలు పెట్టి తడిమింది. మక్బూల్ ఆమె నెత్తి మీద చేయి పెట్టి, ఏదో దువా చదివాడు. డబ్బా అప్పటికే బల్ల మీద ఉంది.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేస్తే కలవలేదు. మళ్లీ చేసింది. చెప్పడానికి ఇంకెవరూ తోచక, బస్టాండు బెంచీ మీద కూర్చుని కాగితాన్ని మరోసారి చదువుకుంది.

ఇంటర్న్‌షిప్ అయిపోయింది. ఇక రానక్కర్లేదు. కానీ ఆ తొమ్మిది చేల మట్టిలో ఎనిమిది ఇంకా తీయాలి. మేడం అడిగింది, ఒక్కదానివే పోగలవా అని. సోమవారం పొద్దున నర్మద నాగల్‌గిద్ద బస్సు ఎక్కింది. కండక్టరు ఏమీ అడగకుండా, కిటికీ పక్కనున్న మనిషిని జరగమని ఆమెకు చోటు చూపించాడు.

మధ్యాహ్నానికి ఎనిమిది సంచులు నిండాయి. మొగులప్ప ఇంట్లో అంబలి తాగించి పంపారు. ఆమె రోడ్డు మీదికి పోకుండా, బాట పట్టి తమ పల్లె వైపు రెండు కిలోమీటర్లు నడిచింది.

తమ చేను బీడుపడి ఉంది. పాండవులు అలాగే ఉన్నారు. రెండు ఎల్లమాసలకు ఎవరూ రాలేదు. సున్నం కడుక్కుపోయి రాళ్లు మట్టి రంగుకు తిరిగాయి. ఒకటి పక్కకు ఒరిగింది. నర్మద చెప్పులు దూరంగా విడిచి, దాన్ని నిలబెట్టి, సీసాలో ఉన్న నీళ్లతో ఐదింటినీ కడిగింది. సున్నం లేదు, కుంకుమ లేదు. దండం పెట్టుకుంది.

తర్వాత లేచి, అక్కడి నుంచి దూరంగా నడిచి, చేను నడుమ మొదటి గుంట తీసింది. ఎనిమిది గుంటలు తీయడానికి చాలాసేపు పట్టింది, రెండేళ్లుగా నాగలి తగలని నేల గట్టిపడింది. నాలుగు భాగాలు చేసి, రెండు తీసేసి, మళ్లీ చేసింది. ఎవరూ చూడటం లేదు. అయినా గట్టు దగ్గరా, చెట్టు కిందా వద్దని పైకే చెప్పుకుంటూ చేసింది.

తొమ్మిదో సంచి మూతి కట్టి, చీటీ మీద రైతు పేరు అనే చోట రాసింది: కిష్టవ్వ. పంట అనే చోట ఏం రాయాలో తోచక కాసేపు ఆగింది. తర్వాత, కంది, అని రాసింది.